బెంచ్‌రెస్ట్ గురికి రైఫిల్, తూటా ఎంచుకోవడం ఎలా? విజయవాడ, గుంటూరు షూటర్లకు సమగ్ర మార్గదర్శి

బల్ల మీద ఆనించి దూరపు గురి కొట్టే ఆటకు ఏ రైఫిల్ కొనాలని విజయవాడ నుంచి, గుంటూరు నుంచి చాలామంది అడుగుతున్నారు. ఒక పేరు చెప్పేస్తే వారికీ నాకూ తేలికే. కానీ అలా పేరు విని లక్షలు పోసి, తర్వాత తూటా దొరకకో కాల్చే చోటు లేకో రైఫిల్‌ను బీరువాలో దాచుకున్నవారు ఉన్నారు. ఈ వరుసలో రైఫిల్ చివరి నిర్ణయం. మొదట కాల్చే చోటు తేలాలి. తర్వాత చట్టం, ఆపై దూరం, ఆ దూరానికి తగిన తూటా, ఆ తూటాకు తగిన బారెల్ (గొట్టం). అక్కడిదాకా వచ్చేసరికి మీ ముందు రెండు మూడు రైఫిళ్లకు మించి మిగలవు.

బెంచ్‌రెస్ట్‌లో రైఫిల్ ముందు భాగం రెస్టు (ఆనించే స్టాండు) మీద, పిడి ఇసుక సంచి మీద ఉంటాయి. షూటర్ కుర్చీలో కూర్చుని కాలుస్తాడు. నిలబడే తీరు, చేతి నిలకడ లెక్కలోకి రావు. మిగిలేవి రైఫిల్, తూటా, గాలిని చదివే కన్ను. అందుకే ఈ ఆటలో ఎంపిక తప్పితే దాన్ని సాధనతో సరిదిద్దుకోవడం కష్టం.

1. ముందు రేంజ్ తేల్చుకోండి

గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ రైఫిల్‌కు 10 మీటర్ల హాలు చాలు. అలాంటి రేంజ్‌లు పట్టణాల్లో దొరుకుతాయి. 25 మీటర్లు, 50 మీటర్లు కావాలంటే వెతకాలి. దగ్గరలో 50 మీటర్ల రేంజ్ దొరకనివారు హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ గురించి వాకబు చేయవచ్చు. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 275 కిలోమీటర్లు. ఆ ప్రయాణం నెలకు ఎన్నిసార్లు చేయగలరో నిజాయతీగా లెక్క వేసుకోండి. నెలకు ఒక్కసారే కుదిరితే, ఊళ్లోనే వారానికి రెండు మూడు రోజులు కాల్చగలిగే ఎయిర్ రైఫిల్ మీకు ఎక్కువ నేర్పుతుంది.

వెయ్యి గజాలు, అంటే 914 మీటర్లు, కాల్చుకోవడానికి సామాన్యులకు తెరిచి ఉన్న రేంజ్ మన చుట్టుపక్కల లేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

సొంత పొలం ఉంది కదా, కృష్ణా లంకల్లో మనుషులు తిరగరు కదా అనుకోవద్దు. .22 (0.22 అంగుళాల అడ్డుకొలత) తూటా చిన్నదే అయినా దాని గుండు కిలోమీటరున్నర దాటి వెళ్లగలదు. వెనుక మట్టికట్ట, హద్దు గోడ, రేంజ్ అధికారి లేని చోట కాల్చకండి.

క్లబ్బులో చేరే ముందు అడగాల్సినవి:

- ఎన్ని మీటర్ల వరకు కాల్చనిస్తారు? .22 అనుమతి ఉందా, ఎయిర్ రైఫిల్ వరకేనా?
- కూర్చుని కాల్చేందుకు కదలని బల్ల ఉందా, లేక సొంతంగా తెచ్చుకోవాలా?
- క్లబ్బు రైఫిల్‌ను అద్దెకు ఇస్తారా? క్లబ్బు ద్వారా తూటాలు ఇస్తారా?
- ఉదయం ఎన్ని గంటలకు తెరుస్తారు? (ఇది ఎందుకు ముఖ్యమో పదో అంశంలో ఉంది.)
- క్లబ్బుకు రాష్ట్ర రైఫిల్ సంఘంతో, జాతీయ రైఫిల్ సంఘంతో అనుబంధం ఉందా?

2. చట్టం దేనికి ఒప్పుకుంటుందో చూడండి

విదేశీ వ్యాసాలు చదివి రైఫిల్ ఎంచుకునేవారు తడబడేది ఇక్కడే.

ఎయిర్ రైఫిల్ బోరు (గొట్టం లోపలి అడ్డుకొలత) 4.5 మిల్లీమీటర్లు (.177) మించకుండా, గొట్టం చివర శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండింటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. అంటే .22 బోరు ఎయిర్ రైఫిల్ ఎంత తక్కువ శక్తిదైనా ఈ మినహాయింపులోకి రాదు.

తుపాకీ మందుతో పేలే .22 రైఫిల్‌కు లైసెన్సు తప్పనిసరి. అయితే మన ఆటకు ఇందులో ఒక మంచి దారి ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్, కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు లేదా సంఘం సభ్యుడు గురి సాధన కోసం వాడే .22 రైఫిల్‌ను పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. కాబట్టి లైసెన్సు దరఖాస్తు కంటే ముందు క్లబ్బు సభ్యత్వం తీసుకోండి. దరఖాస్తుదారుడికి 21 ఏళ్లు నిండాలి. పోలీస్ కమిషనరేట్ పరిధిలో కమిషనర్, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ లైసెన్సు ఇచ్చే అధికారులు. చిరునామా ఏ పరిధిలోకి వస్తుందో చూసుకోకుండా దరఖాస్తు పెడితే కాగితాలు తిరిగి వస్తాయి.

పెద్ద తూటాల సంగతి వేరు. .303, 7.62 మి.మీ. వంటి సైనిక కొలతలు మన దేశంలో నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. బయటి దేశాల్లో దూరపు గురికి తొలి తూటాగా చెప్పే .308 విన్‌చెస్టర్ దాదాపు ఆ 7.62×51 కొలతే. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. .315, .30-06 వంటివి నిషిద్ధం కాని బోర్లే. వాటిలో మన ప్రభుత్వ కర్మాగారాలు తయారుచేసిన స్పోర్టింగ్ రైఫిళ్లు ఉన్నాయి. కానీ అవి సన్నని బారెల్‌తో, వేట రైఫిల్ తీరులో చేసినవి. బల్ల మీద పెట్టి వరుసగా ఇరవై తూటాలు కాల్చి, అన్నీ ఒకే చోట పడాలని వాటిని అడగడం న్యాయం కాదు.

ఇంకో రెండు హద్దులు ఉన్నాయి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం, కాల్చాక మిగిలే ఖాళీ కేసుల్లో (తూటా ఇత్తడి గొట్టాల్లో) మళ్లీ మందు నింపడం నేరం. రైఫిల్ గొట్టం కోయించడం, మార్పులు చేయించడం కూడా అంతే. విజయవాడ ఆటోనగర్‌లో ఎంత మంచి లేత్ పనివారు ఉన్నా, రెస్టులు, స్టాండ్లు మాత్రమే వారితో చేయించుకోండి. రైఫిల్ భాగాలను ఆయుధ మరమ్మతు లైసెన్సు ఉన్నవారికే చూపించాలి.

లైసెన్సు చేతికి వచ్చాక చూసుకోవాల్సినవి:

- ఏ ప్రాంతానికి చెల్లుతుంది? హైదరాబాద్ రేంజ్‌కు వెళ్లాలంటే మన రాష్ట్రానికి మాత్రమే చెల్లే లైసెన్సు సరిపోదు.
- ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు?
- రెన్యువల్ తేదీ ఎప్పుడు?
- ఎన్నికల సమయంలో ఆయుధాలు జమ చేయమని ఆదేశాలు వస్తాయి. పోటీ షూటర్లకు మినహాయింపు కోసం ఏ కాగితం చూపాలో క్లబ్బును ముందే అడిగి ఉంచుకోండి.

3. దూరాన్ని బట్టి తూటా

బెంచ్‌రెస్ట్ ప్రపంచంలో ప్రతి దూరానికీ స్థిరపడిన తూటాలు ఉన్నాయి. మీరు కొనలేకపోయినా అవి ఎందుకు స్థిరపడ్డాయో తెలిస్తే, చేతికి అందేవాటిలో మంచిచెడ్డలు చూడగలుగుతారు.

100 నుంచి 300 గజాల వరకు 6 మి.మీ. పీపీసీ అనే తూటాదే రాజ్యం. పొట్టిగా, లావుగా ఉండే కేసు, 65 నుంచి 68 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలిచే చిన్న ప్రమాణం) తేలికపాటి బులెట్, అంటే తూటా నుంచి బయటికి వెళ్లే గుండు. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి రైఫిల్ ప్రతిసారీ సంచుల మీద ఒకే తీరులో జారుతుంది.

600 గజాలు దాటితే గాలి పెత్తనం మొదలవుతుంది. అక్కడ పొడవైన, బరువైన, గాలిని బాగా చీల్చే బులెట్లు కావాలి. 6 మి.మీ. బీఆర్, దాన్ని కొద్దిగా పెంచిన డాషర్ 105 గ్రెయిన్ల ప్రాంతపు బులెట్లతో ఇక్కడ నిలుస్తాయి. వెయ్యి గజాలకు వాటితో పాటు 6.5-284, .284 విన్‌చెస్టర్, .300 డబ్ల్యూఎస్ఎం కూడా వాడతారు. బులెట్ బరువు, వేగం పెరిగేకొద్దీ గాలికి పక్కకు జరగడం తగ్గుతుంది. దానికి మూల్యంగా బారెల్ త్వరగా అరుగుతుంది, తన్ను పెరుగుతుంది. 6.5-284 బారెల్ సుమారు వెయ్యి తూటాలకే పోటీ స్థాయి కోల్పోతుంది. 6 బీఆర్ బారెల్ దానికి రెట్టింపు దాకా నిలుస్తుంది.

ఇక ఈ పెద్ద తూటాలన్నింటి బలం చేతి నింపుడులోనే ఉంది. మందును అతి సూక్ష్మంగా తూచి, బులెట్‌ను కేసులో ఎంత లోతుకు దించాలో ఆ ఒక్క బారెల్‌కు సరిపడేలా చూసుకుంటారు. 6 మి.మీ. బులెట్ సెకనుకు 2950 అడుగుల వేగంతో వెళ్తుందనుకుంటే, తూటాకూ తూటాకూ మధ్య 10 అడుగుల తేడా వచ్చినా వెయ్యి గజాల దగ్గర రెండు అంగుళాలకు పైగా ఎత్తు మారుతుంది. పెట్టెలో వచ్చిన తూటాలతో ఆ తేడాను అదుపులో ఉంచడం చాలా కష్టం. మనకు నింపుకునే వీలు లేనప్పుడు, అలాంటి తూటాకు తగిన రైఫిల్‌ను ఎంత గొప్పది తెచ్చుకున్నా సగం ఆటే ఆడగలం.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతున్నాను. మన ప్రాంతంలో బెంచ్‌రెస్ట్ మొదలుపెట్టేవారికి దారులు రెండే: 25 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల .22. ప్రపంచ రిమ్‌ఫైర్ (.22 రకం తూటా), ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్ట్ సమాఖ్య పోటీలు కూడా ఈ రెండు దూరాల్లోనే జరుగుతాయి. ఒక్కో కాగితం మీద 25 గుర్తులు, ఒక్కోదానికి ఒక్క గుండు, గరిష్ఠంగా 250 పాయింట్లు. ఈ రెండింటిలోనూ తూటా లేదా పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే వాడతారు. అంటే జర్మనీ షూటరుకూ మనకూ ఆట ఒకటే.

దీన్ని చిన్నపిల్లల ఆటగా చూడవద్దు. .22 గుండు నెమ్మదిగా వెళ్తుంది. సెకనుకు ఒక్క మీటరు వేగంతో వీచే అడ్డగాలి కూడా దాన్ని 50 మీటర్ల దగ్గర 4 నుంచి 5 మి.మీ. పక్కకు నెడుతుంది. అంతర్జాతీయ 50 మీటర్ల రైఫిల్ కాగితంలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మి.మీ. మాత్రమే. చెంపకు తగిలీ తగలని గాలి మిమ్మల్ని పది అంచుకు తెచ్చేస్తుందన్నమాట. తేలికైన పెల్లెట్ 25 మీటర్లలోనే ఇంతకంటే ఎక్కువ జరుగుతుంది. దూరపు గురికి కావలసిన గాలి పాఠమంతా ఇక్కడే ఉంది.

రేపు పోటీల్లో రాణించి 300 మీటర్ల పెద్ద బోరు విభాగానికి వెళ్లేవారు ఉంటారు. జాతీయ సంఘం గుర్తింపు, దిగుమతి అనుమతులు అప్పటి సంగతి.

4. ఎయిర్ రైఫిల్ దారి

ముందుగా నిర్ణయించుకోవాల్సింది: 10 మీటర్ల పోటీ రైఫిలా, 25 మీటర్ల బెంచ్‌రెస్ట్ రైఫిలా?

వాల్తర్ ఎల్‌జీ400, ఫైన్‌వెర్క్‌బౌ 800 వంటి 10 మీటర్ల రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జౌళ్లు. ఖచ్చితత్వంలో వాటికి తిరుగులేదు. కానీ 25 మీటర్లలో, ఆరుబయట, ఆ నెమ్మది పెల్లెట్‌తో గాలి ఆడుకుంటుంది. నిలబడి కాల్చే పోటీలు కూడా ఆడదలచుకుంటేనే వాటి మీద డబ్బు పెట్టండి.

బెంచ్‌రెస్ట్ తేలికపాటి విభాగంలో శక్తి పరిమితి 12 ఫుట్-పౌండ్లు, అంటే దాదాపు 16.3 జౌళ్లు. మన చట్టం హద్దు 20 జౌళ్లు. ఆ విభాగానికి సరిపోయే 4.5 మి.మీ. రైఫిల్ మన దగ్గర లైసెన్సు లేకుండానే ఉంచుకోవచ్చన్నమాట. కొనేటప్పుడు శక్తిని మాటల్లో నమ్మకండి, కొలిపించుకోండి. 8.44 గ్రెయిన్ల (0.547 గ్రాముల) పెల్లెట్ సెకనుకు 244 మీటర్ల వేగంతో వస్తే 16.3 జౌళ్లు. అదే పెల్లెట్ 270 మీటర్లకు చేరితే 20 జౌళ్ల హద్దు మీద ఉన్నట్టే.

స్ప్రింగ్ రైఫిల్ చవక. కానీ పిస్టన్ ముందుకు, వెనక్కి కొట్టే దెబ్బకు సంచుల మీద ఎగిరిపడుతుంది. ముందే గాలి నింపుకునే పీసీపీ రకం తీసుకోండి. ప్రిసిహోల్ వంటి దేశీయ తయారీదారుల రైఫిళ్లు ఉండటం వల్ల విడిభాగాలకు, మరమ్మతుకు ఇప్పుడు విదేశాల వైపు చూడనవసరం లేదు.

పీసీపీలో చూడాల్సినవి:

- గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ ఉందా? అది లేకపోతే సిలిండర్‌లో ఒత్తిడి తగ్గేకొద్దీ వేగం మారుతుంది.
- పెల్లెట్లను ఒక్కొక్కటిగా పెట్టే ట్రే వస్తుందా? మ్యాగజైన్‌లో (చాలా పెల్లెట్లు ఒకేసారి పెట్టే డబ్బీలో) పెల్లెట్ అంచు నలిగే ప్రమాదం ఉంది.
- రెస్టు మీద ఆనే భాగం బల్లపరుపుగా ఉందా?
- సిలిండర్ మీద తయారీ తేదీ, గడువు స్పష్టంగా ఉన్నాయా? గడువు తీరిన సిలిండర్‌లో 200 బార్ల గాలి నింపడం ప్రాణాలతో చెలగాటం.

పెల్లెట్ విషయంలో ఒక్క నియమం చాలు: 10 మీటర్లకు చదును మూతిది, 25 మీటర్లకు గుండ్రని మూతిది. తల కొలత 4.50, 4.51, 4.52 అని డబ్బా మీద రాసి ఉంటుంది. మీ బారెల్‌కు ఏది నప్పుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

5. .22 రైఫిల్ దారి

కొత్తవారికి నేను చెప్పేది: మొదటి సీజను క్లబ్బు రైఫిల్‌తోనే కాల్చండి. బల్ల ఎత్తు, పిడి పొడవు, ట్రిగ్గర్ బరువు విషయంలో మీ శరీరం ఏమి కోరుతుందో ఆ సీజనులో తెలుస్తుంది.

కొనాల్సి వస్తే వెతకాల్సిన లక్షణాలు ఇవి. ఒక్కో తూటా చేతితో పెట్టే బోల్ట్ యాక్షన్ (తూటాను గొట్టంలో మూసి పేల్చే యంత్ర భాగమే యాక్షన్, దాన్ని తెరిచి మూసే కడ్డీ బోల్ట్). మందమైన బారెల్, అది పిడి చెక్కను ఎక్కడా తాకకూడదు. తేలికగా, ప్రతిసారీ ఒకే చోట తెగే ట్రిగ్గర్. బెంచ్‌రెస్ట్ పిడికి ముందు భాగం మూడు అంగుళాల వెడల్పున చదునుగా ఉంటే రెస్టు మీద పక్కకు ఒరగదు.

ఆన్‌షూట్జ్ 54 యాక్షన్ మీద కట్టిన రైఫిళ్లు ఈ ఆటలో దశాబ్దాలుగా నిలిచినవి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ పోటీ రైఫిళ్లు కూడా నమ్మదగినవే. సీజెడ్ 457 తక్కువ ఖర్చులో మంచి ఫలితం ఇస్తుంది. పోటీల నుంచి తప్పుకున్న షూటర్ల దగ్గర పాత ప్రోన్ (పడుకుని కాల్చే) రైఫిల్ దొరికితే, కాగితాలు సక్రమంగా ఉన్నంతవరకు, కొత్త చౌక రైఫిల్ కంటే దాన్నే తీసుకోమంటాను. .22 బారెల్ మెల్లగా అరుగుతుంది. బాగా చూసుకున్నది వేల తూటాల తర్వాత కూడా పోటీకి పనికొస్తుంది.

పాత రైఫిల్ కొనే ముందు:

- బారెల్ మూతి చుట్టూ గాయాలు, నొక్కులు ఉన్నాయా?
- తూటా కూర్చునే గది అంచు పగిలి ఉందా? ఖాళీ తుపాకీ ట్రిగ్గర్‌ను పదేపదే నొక్కితే కొన్ని రైఫిళ్లలో పిన్ను ఆ అంచును కొడుతుంది.
- శుభ్రం చేసే కడ్డీని బారెల్‌లో మెల్లగా తోసినప్పుడు ఎక్కడైనా బిగిసిందా, వదులైందా? మూతి దగ్గర వదులైతే వదిలేయండి.
- యాక్షన్ మరలను కొద్దిగా వదులు చేస్తే బారెల్ పైకి లేస్తోందా? అలాగైతే పిడిలో కూర్చోబెట్టిన తీరు బాగాలేదు.
- నంబరు, లైసెన్సులోని నంబరు, అమ్మేవారి కాగితాలు ఒకటేనా?
- క్లబ్బు రేంజ్‌లో మీ కళ్ల ముందు ఐదు గుళ్ల గుంపులు నాలుగైనా కాల్చి చూపించారా?

6. బారెల్ మెలిక

బారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. బులెట్ పొడవు పెరిగితే చుట్టు బిగువుగా ఉండాలి. 40 గ్రెయిన్ల .22కు 16 అంగుళాలకు ఒక చుట్టు. ఇది స్థిరపడిన కొలత, ఆలోచించనక్కర్లేదు. 6 పీపీసీకి 13.5 లేదా 14, 105 గ్రెయిన్ల 6 బీఆర్‌కు 8. పొడవు బులెట్‌ను నెమ్మది చుట్టులో కాలిస్తే అది గాలిలో తూలి, కాగితం మీద గుండ్రని రంధ్రానికి బదులు పక్కకు సాగిన రంధ్రం చేస్తుంది.

7. స్కోప్

36 రెట్లు, అంతకు మించి పెద్దదిగా చూపించే స్కోప్‌లు ఈ ఆటలో మామూలే. కానీ మన ఎండలో ఎండమావి అలలు కూడా అన్ని రెట్లు పెద్దవవుతాయి. అందుకే రెట్లు మార్చుకునే వీలున్నది తీసుకోండి.

గురి సర్దే మర ఒక్కో క్లిక్కుకు ఎనిమిదో వంతు నిమిషం (ఇది కాలం కాదు, కోణం; డిగ్రీలో అరవయ్యో వంతు) జరిగేది కావాలి. 50 మీటర్లలో ఒక నిమిషం అంటే 14.5 మి.మీ., అందులో ఎనిమిదో వంతు దాదాపు 1.8 మి.మీ. పావు నిమిషం క్లిక్కులతో పది మధ్యకు చేరడం కష్టమవుతుంది.

పారలాక్స్ సర్దుబాటు (కన్ను జరిగినా గీతలు గుర్తు మీద నిలిచేలా దూరాన్ని బట్టి సర్దడం) 10 మీటర్ల నుంచి పనిచేయాలి. పరీక్షించడం సులువు: రైఫిల్ సంచుల మీద కదలకుండా ఉండగా తలను కొద్దిగా అటూ ఇటూ జరపండి. గీతలు గుర్తు మీద జరుగుతున్నట్టు కనిపిస్తే సర్దుబాటు పూర్తి కాలేదు.

8. బల్ల, రెస్టు, సంచులు

రైఫిల్‌కు లక్షలు పెట్టి, ప్లాస్టిక్ బల్ల మీద కాల్చేవారికి ఈ అంశం మరీ ముఖ్యం. బల్ల కదిలితే మిగతా ఖర్చంతా వృథా.

కాంక్రీటు బల్ల అన్నింటికన్నా మేలు. లేకపోతే మూడు కాళ్ల బరువైన బల్ల. మూడు కాళ్లదైతే ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. ముందు రెస్టును మందపాటి ఇనుప పలకతో ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. అడుగున మూడు మొనదేలిన మరలు, ఎత్తు మార్చే మర, అటూ ఇటూ జరిపే మర ఉండాలి. పది కిలోలకు తగ్గకుండా బరువు ఉంచమనండి.

సంచులకు మందమైన తోలు లేదా కాన్వాసు వాడండి. కృష్ణా ఇసుక పనికొస్తుంది. కానీ దాన్ని కడిగి, జల్లెడ పట్టి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టాలి. తడి ఇసుక గడ్డకడుతుంది, పక్కనున్న ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. వెనుక సంచిని బొటనవేలితో నొక్కితే దిగని బిగువు వరకు నింపండి. ముందు సంచి కొంచెం మెత్తగా ఉండాలి.

అమరిక క్రమం:

1. రెస్టును బల్ల మీద పెట్టి మొనలు దిగేలా ఒత్తండి.
2. వెనుక సంచిని రెస్టుకు సూటిగా, గురి కాగితం వైపు గీత గీసినట్టు పెట్టండి.
3. ఖాళీ రైఫిల్‌ను వాటిపై ఉంచి ముందుకు, వెనక్కి జరపండి. స్కోప్ గీత కాగితం మీద నిట్టనిలువుగా మాత్రమే కదలాలి. పక్కకు పోతే వెనుక సంచిని సర్దండి.
4. కుర్చీ ఎత్తు మార్చండి. మెడ వంచకుండా కన్ను స్కోప్‌కు అందాలి.

9. లాట్ పరీక్ష: అసలు ఎంపిక ఇదే

ఎలీ టెనెక్స్, లాపువా సెంటర్-ఎక్స్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 వంటి పేర్లు మీరు వినే ఉంటారు. పేరు చూసి కొనడం మొదటి మెట్టు మాత్రమే. ఒకే పేరుతో, ఒకే ఫ్యాక్టరీలో, వేర్వేరు రోజుల్లో తయారైన లాట్‌లు మీ బారెల్‌లో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. పక్క షూటరు బారెల్‌లో బంగారంలా పనిచేసిన లాట్ మీ బారెల్‌లో చెదిరిపోవచ్చు. ఇది అదృష్టం కాదు. గుండు కొలతలో, దానికి పూసిన మైనంలో, మందు వేగంలో ఉండే సూక్ష్మమైన తేడాలు మీ బారెల్ ఊగే తీరుతో కలిసే విధానం.

ఒక లెక్క చూడండి. .22 గుండు సెకనుకు 325 మీటర్ల దగ్గర బయల్దేరితే, వేగంలో 5 మీటర్ల తేడా 50 మీటర్లలో సుమారు 4 మి.మీ. ఎత్తు తేడాగా కనిపిస్తుంది. 10.4 మి.మీ. వలయంలో ఇది చాలా పెద్ద వాటా.

పరీక్ష ఇలా చేయండి:

1. గాలి లేని వేళ ఎంచుకోండి. లోపలి రేంజ్ దొరికితే మరీ మంచిది.
2. మూడు నుంచి ఐదు లాట్‌లు, ఒక్కోదాంట్లో ఒక పెట్టె తెచ్చుకోండి. పెట్టె మీది లాట్ నంబరు పుస్తకంలో రాయండి.
3. బారెల్‌ను శుభ్రం చేసి, మొదటి లాట్‌తో పది, పదిహేను తూటాలు పక్కకు కాల్చండి. కొత్త మైనం బారెల్‌కు పట్టేదాకా ఫలితాన్ని లెక్కించకూడదు. లాట్ మారిన ప్రతిసారీ ఇలాగే చేయాలి.
4. ఒక్కో లాట్‌తో ఐదు గుళ్ల గుంపులు ఆరు కాల్చండి.
5. గుంపులో దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి 5.6 మి.మీ. తీసేయండి. వచ్చినది మధ్య నుంచి మధ్యకు కొలత.
6. ఆరు గుంపుల సగటు రాయండి. వాటిలో అన్నింటికంటే చెడ్డ గుంపును ఎర్ర సిరాతో రాయండి.
7. మిగిలిన రెండు మంచి లాట్‌లను వారం తర్వాత మళ్లీ, ఈసారి వరుస మార్చి కాల్చండి.

ఎంపికలో సగటు కంటే ఆ ఎర్ర సిరా అంకెను ఎక్కువగా చూడండి. నాలుగు గుంపులు ముద్దుగా పడి, రెండింటిలో ఒక్కో గుండు ఎగిరిపోయే లాట్ పోటీలో మిమ్మల్ని ముంచుతుంది. ప్రతి గుంపూ ఒకే మాదిరిగా, కొంచెం పెద్దగా పడే లాట్‌తో 25 గుర్తులు ధైర్యంగా కాల్చవచ్చు. ఒకే ఒక్క మూడు గుళ్ల గుంపును ఫోనులో ఫొటో తీసి లాట్ ఖాయం చేసుకోవడం పరీక్ష కాదు.

పెల్లెట్లకూ ఇదే పద్ధతి. అదనంగా, డబ్బాలోని పెల్లెట్లను మెత్తని బట్ట మీద పోసి, అంచు వంగినవి పక్కన పెట్టండి.

10. మన ఎండ, మన తేమ, మన గాలి

మే నెలలో విజయవాడలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మూసి ఉన్న కారులో వేడి అంతకంటే చాలా ఎక్కువ. అలా ఉడికిన తూటా మందు వేగం మారుతుంది, గుండు మీది మైనం కరిగి జారుతుంది. తూటాలను మంచు లేకుండా ఖాళీ థర్మాకోల్ పెట్టెలో, కాళ్ల దగ్గర నీడలో పెట్టుకుని వెళ్లండి. రేంజ్‌లో కూడా బల్ల మీద ఎండలో పరచవద్దు, పది తీసి మిగతావి మూసి ఉంచండి.

ఉదయం తొమ్మిదిలోపు నేల ఇంకా వేడెక్కదు. ఎండమావి అలలు లేవవు, గాలి నిలకడగా ఉంటుంది. లాట్ పరీక్షకు అదే సమయం. గాలి సాధన మాత్రం కావాలని మధ్యాహ్నం పెట్టుకోండి. కాగితానికీ మీకూ మధ్య మూడు చోట్ల సన్నని ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టిన కర్రలు నాటండి. మూడూ ఒకే దిశలో ఉన్నప్పుడు కాల్చండి. మీ బల్లకు దగ్గరున్న రిబ్బన్‌ను ఎక్కువ నమ్మండి. అక్కడ దారి తప్పిన గుండు మిగతా దూరమంతా ఆ కోణంలోనే వెళ్తుంది.

వర్షాకాలంలో రైఫిల్‌ను గుడ్డ సంచిలో లేదా స్పాంజి పెట్టెలో రోజుల తరబడి వదలకండి. స్పాంజి తేమ పీల్చి ఇనుముకు అంటిస్తుంది. తుడిచి, పల్చగా నూనె రాసి, తాళం ఉన్న ఇనుప బీరువాలో సిలికా పొట్లాలతో నిలబెట్టండి. తూటాలు వేరే తాళం కింద ఉండాలి. చేతి పంపుతో పీసీపీ నింపేవారు మన తేమ గాలిని సిలిండర్‌లోకి పంపుతున్నారని గుర్తుంచుకుని, తేమ పీల్చే ఫిల్టరు తప్పక పెట్టాలి.

11. తరచూ కనిపించే లోపాలు, వాటి సవరణ

గుంపు నిలువుగా సాగుతోంది: ముందు వెనుక సంచి బిగువు చూడండి. తర్వాత భుజం పిడిని ప్రతిసారీ ఒకేలా తాకుతోందా గమనించండి. రెండూ బాగుంటే లాట్ వేగంలో తేడా ఉంది, లాట్ మార్చండి.

గుంపు అడ్డంగా సాగుతోంది: గాలి, లేదా ట్రిగ్గర్‌ను పక్కకు నొక్కడం. గాలి లేని ఉదయం మళ్లీ కాల్చితే రెండింటిలో ఏదో తెలుస్తుంది.

రెండు చోట్ల రెండు గుంపులు పడుతున్నాయి: యాక్షన్ మరలు, స్కోప్ రింగులు వదులై ఉంటాయి. తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో (బిగువు కొలిచి చూపే పానాతో) బిగించండి. చేతి అంచనా వద్దు.

మొదటి గుండు ఎప్పుడూ దూరంగా పడుతోంది: శుభ్రం చేసిన బారెల్ మొదటి తూటాలను వేరుగా వేస్తుంది. లెక్కలోకి రాని గుర్తుల మీద కొన్ని కాల్చాకే పోటీ గుర్తుల మీదకు రండి.

కాలుస్తున్నకొద్దీ గుంపు పెద్దదవుతోంది: .22లో గది అంచు దగ్గర గట్టిపడిన మసి పేరుకుంటుంది. ద్రావకంలో తడిపిన గుడ్డను వెనుక నుంచి మూతి వైపు తోయండి, మూతి దగ్గర తీసేయండి. మురికి గుడ్డను వెనక్కి లాగవద్దు.

గంట తర్వాత కన్ను మసకబారుతోంది: స్కోప్ రెట్లు తగ్గించండి, రెండు కళ్లూ తెరిచి కాల్చడం అలవాటు చేసుకోండి, ప్రతి ఐదు గుళ్లకు తల ఎత్తి దూరపు చెట్టును చూడండి.

ట్రిగ్గర్ మరీ తేలికగా పెట్టడం వల్ల అనుకోకుండా పేలుతోంది: వెంటనే కాల్చడం ఆపి రేంజ్ అధికారికి చెప్పండి. బరువు పెంచి, ఖాళీ రైఫిల్ బోల్ట్‌ను పదిసార్లు గట్టిగా మూసి చూడండి. ఒక్కసారి కూడా దానంతట అది తెగకూడదు.

కాల్చడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కునేదాకా తినవద్దు, తాగవద్దు. తూటా గుండూ పెల్లెట్టూ రెండూ సీసమే.

లాట్ ఖాయమయ్యాక ఆలస్యం చేయకండి. లైసెన్సు అనుమతించే మేరకు ఆ లాట్‌నే సీజనుకు సరిపడా ఒకేసారి తీసుకోండి. వారం తర్వాత వెళ్తే అదే పేరుతో పెట్టెలు ఉంటాయి, లాట్ నంబరు మాత్రం మారిపోయి ఉండవచ్చు.